గుమ్మం దగ్గర సముద్రం

బంగాళాదుంపలు అయిపోయాక
గోనెసంచి ఉతికి ఆరేశాను.
న్యూఫౌండ్‌లాండ్ పొగమంచులో ఏదీ పూర్తిగా ఆరదు.
అయినా మూడోనాటికి చెక్క చట్రానికి బిగించి
బొగ్గుముక్కతో గీసుకున్నాను:
పైన ఆకాశం, గట్టు మీద మా ఇల్లు,
కింద నీళ్ళు, నీళ్ళ మీద మా పడవ.
పడవ బాతులా వచ్చింది.
"అమ్మా, దీనికి రెక్కలేవీ?" అంది టెస్సా.

మా అత్త ఎఫీ నేర్పిన పని ఇది.
పాతబట్టల్ని సన్నటి పీలికలు చేసి
గోనె కంతల్లోంచి కొక్కెంతో పైకి లాగడం.
లాగి వదలడం, లాగి వదలడం,
ఒక్కో కంతకీ ఒక బుల్లి మెలిక.
ఆవిడ వరసకో కీర్తన చదివేది.
నాకంత నిలకడ లేదు.
నా ప్రార్థనలో సగం పొయ్యి మీది కూరే,
ఓ పావు కాల్విన్ లెక్కల పరీక్ష,
మిగతా పావులో కునికిపాట్లు.
ప్రభువుకు అలవాటైపోయి ఉంటుంది.

కాల్విన్‌కి పొట్టైపోయిన బూడిదరంగు ప్యాంటు
ఆకాశమంతటికీ సరిపోయింది.
మా ఇంటి తలుపుకి
టెస్సా ఎర్ర ఫ్లానెల్ గౌను కత్తిరించాను.
నిరుడు చలికాలం మూడు రాత్రులు
ఆ గౌను జ్వరంతో తడిసి ముద్దయింది.
నాలుగో పొద్దున కళ్ళు తెరిచి
"జావలో చక్కెర వేశావా?" అంది పిల్ల.
తలుపుకి ఇంకో రంగు నాకు తట్టలేదు.

సముద్రం మాత్రం సగంలో ఆగింది.
నీలం అయిపోయింది.

అది మే నెల, పీతల వేట రోజులు.
నాలుగింటికి రావలసిన ఆంబ్రోస్
ఎనిమిదైనా రాలేదు.
కిటికీ అవతల పొగమంచు
గోడ కట్టినట్టు నిలబడింది.
రేడియోలో గాలి సంగతి చెప్పి
వెంటనే పాటలు వేశారు.
కట్టేశాను.
చేతులు ఊరికే ఉంటే వణుకుతున్నాయని
పెట్టె తెరిచి ఆయన నీలం చొక్కా తీశాను,
మోచెయ్యి చిరిగినది.
కత్తెర కాలర్ దాకా వచ్చి ఆగింది.
సముద్రం మీదున్న మనిషి చొక్కా
కత్తిరించకూడదని ఎవరో అనేవారు.
ఎవరో అన్నారో,
ఆ క్షణాన నేనే పుట్టించుకున్నానో.

"దేవుడా, ఇది చొక్కా మాత్రమే" అన్నాను.
అంత పొట్టి ప్రార్థన ఎన్నడూ చెయ్యలేదు.
ఆమెన్ అనడం కూడా మరిచి
కాలర్ కత్తిరించాను.
లాగి వదిలాను, లాగి వదిలాను.
పిల్లలు బల్ల దగ్గరే నిద్రపోయారు.
బాతు కింద నీళ్ళు
ఒక్కో వేలెడూ పెరుగుతూ వచ్చాయి.

పదీ ఇరవైకి దొడ్డి తలుపు కిర్రుమంది.
"ఇంజన్ మొరాయించింది."
అంతే చెప్పాడు.
రెండు గిన్నెల సూపు తాగాడు.
బూట్ల నీళ్ళు వంటగదంతా పారుతున్నాయి.
పొడి బట్టల కోసం పెట్టెలో వెతికి వెతికి
"నా నీలం చొక్కా ఏదే?" అన్నాడు.

చట్రం వైపు చూపించాను.
చాలాసేపు చూశాడు.
"ఇంకో ఏడాది వచ్చేది కదా" అని సణిగాడు.
ఆ సణుగుడుకి స్తోత్రం, ప్రభువా.
నేల తుడవడానికి వంగినదాన్ని
అక్కడే మోకాళ్ళ మీద
కాసేపు ఉండిపోయాను.
గుడ్డ పిండుతున్నాననుకున్నాడు.

ఆదివారానికి పని ముగిసింది.
గుమ్మం దగ్గర ఎఫీ అత్త పట్టా తీశాను.
దాని మీద ఒకప్పుడు గులాబీ ఉండేది.
ఇప్పుడు నడిమధ్య గోనె బయటపడింది,
సరిగ్గా రెండు పాదాలంత మేర.
అంతలా అరగాలంటే
నలభై ఏళ్ళు ఎవరో ఒకరు
తడి కాళ్ళతో ఇంటికి వస్తూ ఉండాలి.
మడిచి దాచాను, పారెయ్యలేదు.

కొత్తదాన్ని మావాళ్ళు
దాటుకుంటూ నడుస్తున్నారు.
కాలు పెడితే బాతు మునిగిపోతుందట.
"తొక్కండర్రా" అంటున్నాను.